ప్రార్థన ఉన్న చోట నేను నింపిన మాటలు

డబ్బింగ్ రాయడం నేర్చుకుంటామని ఈ మధ్య నా దగ్గరికి పిల్లలు వస్తున్నారు. ఎచ్చెర్లలో చదువుకుంటున్నవాళ్ళు కొందరు, వైజాగ్‌లో చిన్న చిన్న స్టూడియోల్లో చేరినవాళ్ళు కొందరు. ఫోన్‌లోనే సినిమా చూస్తారు, ఫోన్‌లోనే గొంతు రికార్డు చేస్తారు, ఫోన్‌లోనే పంపించేస్తారు. బాగానే చేస్తున్నారు. పెదవికి మాట కుదర్చడంలో వాళ్ళకి నేను కొత్తగా నేర్పేది పెద్దగా లేదు. "మీ అనుభవాలు రాయండి మాస్టారూ" అని వాళ్ళు అడుగుతుంటే ఇన్నాళ్ళూ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాను. రాస్తే గొప్పలు రాయాలి, లేదంటే జరిగింది రాయాలి. గొప్పలు రాయడానికి నాకిప్పుడు మొహం చెల్లడం లేదు.

విజయనగరంలో ఒక రికార్డింగ్ స్టూడియోలో నేను డబ్బింగ్ రచయితగా పనిచేశాను. నా ఉద్యోగ జీవితమంతా దాదాపు అక్కడే గడిచింది. మేం చేసినవి ఎక్కువగా భక్తి సినిమాలు. అందులోనూ విదేశాల నుంచి వచ్చే యేసు జీవిత కథలు, బైబిలు కథలు. చర్చిల్లో తెర కట్టి వేసేవారు, తర్వాత సీడీలుగా అమ్మేవారు, ఆ తర్వాత కేబుల్‌లో, ఇప్పుడు యూట్యూబ్‌లో. నేను పుట్టింది అర్చకుల ఇంట్లో. నన్ను ఈ పనికి పిలిచింది భక్తి చూసి కాదు, గంభీరమైన తెలుగు రాస్తానని. దేవుడు ఏ మతంవాడైనా తెర మీద గంభీరంగా మాట్లాడాలి కదా.

ఎవరి గొంతు ఎవరికి

మా యజమాని పైడిరాజు గారిది రాజాం. ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. ఆయనకి మొదట క్యాసెట్ల పిచ్చి పట్టింది, అది సీడీల పిచ్చిగా మారింది. అమ్మవారి పాటలు, అయ్యప్ప భజనలు, క్రైస్తవ గీతాలు అన్నీ ఆ ఒక్క గదిలోనే రికార్డు అయ్యేవి. "దేముళ్ళ మద్దిన మనకి తగువేటి మాస్టారూ? ఏ దేముడి సినిమా అయినా జనానికి అర్థం అవ్వాల, కళ్ళంట నీలు రావాల" అనేవాడు. పని మధ్యలో ఇంటి నుంచి మా అందరికీ భోజనం తెప్పించి, దగ్గర కూర్చుని తినిపించేవాడు. మనిషిగా ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆయనకి ఒక సూత్రం ఉండేది. విలన్ ఎవడో మొదటి మాటకే తెలిసిపోవాలి. జనం చర్చి ముందు ఇసకలో కూర్చుని చూస్తారు, వెనక పిల్లలు ఏడుస్తుంటారు, అరటిపళ్ళ బండి వెళ్తుంటుంది. నెమ్మదిగా తెలుసుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఆ సూత్రం నాకూ సబబుగానే తోచింది. దాన్ని అమలు చేసింది నేను.

యేసుకి మెత్తని, లోతైన గొంతు. శిష్యులకి వినయమైన గొంతులు. యేసు తల్లికి ఆకాశవాణిలో లలిత గీతాలు పాడిన ఒకావిడ గొంతు. యూదుల ప్రధాన యాజకుడికీ, ఆయన చుట్టూ ఉండే పూజారులకీ మాత్రం ముక్కుతో మాట్లాడేవాళ్ళని, కఫం పట్టిన గొంతులవాళ్ళని వెతికి తెచ్చేవాణ్ణి. ఆ సినిమాలు తీసినవాళ్ళు కూడా తక్కువ తినలేదు. యేసు మొహం మీద ఎప్పుడూ వెలుగు పడుతుంది. పూజారుల దేవాలయంలో ఎప్పుడూ పొగ, దివిటీలు, చీకటి. వాళ్ళకి వంకర ముక్కులు, బరువైన నగలు. వాళ్ళు చేతులు నలుపుకుంటూ గుసగుసలాడతారు. తీసినవాళ్ళు సగం చేసి పంపిస్తే మిగతా సగం మేం పూర్తిచేశాం.

రోమను గవర్నరు సంగతి చెప్పాలి. శిలువ వేయించే అధికారం ఉన్నది ఆయనకి. సైన్యం ఆయనది, మేకులు కొట్టింది ఆయన సైనికులు. అయినా మా సినిమాల్లో పాపం ఆయన మంచివాడు, మనసులో బాధపడుతూ ఒప్పుకున్నవాడు. ఆయనకి నేను పెద్దింటి జమీందారు గొంతు పెట్టించాను. ఈ పాపం నాది కాదని ఆయన చేతులు కడుక్కుంటుంటే జనం "అయ్యో" అనుకునేవాళ్ళు. కోపమంతా ఇటు పూజారుల మీదికి మళ్ళేది. అలా మళ్ళాలనే నేను మాటలు రాశాను, అలా మళ్ళినప్పుడల్లా నాలో నేను మెచ్చుకున్నాను.

ఇంకొకటి నాకు చాలా ఆలస్యంగా కనిపించింది. పాత సినిమాలు ఈ మధ్య మళ్ళీ వేసుకుని చూశాను. జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని యేసుకి స్వాగతం చెబుతున్నప్పుడు నా మాటల్లో వాళ్ళు "ప్రజలు". అదే జనం ఆయన్ని శిలువ వెయ్యమని అరుస్తున్నప్పుడు "యూదులు". రోగం నయమైనవాడు "ఒక పేదవాడు". రాయి విసిరినవాడు "ఒక యూదుడు". అందరూ ఒక జాతివాళ్ళే, ఒక గుడికి వెళ్ళేవాళ్ళే. నాకు ఇష్టమైనవాళ్ళకి ఆ పేరు తీసేసి, ఇష్టం లేనివాళ్ళకి తగిలించాను. ఎవరూ చెప్పి రాయించలేదు. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది.

ఆ రోజుల్లో ఒకే ఒక్కరు అడిగారు. కోటబొమ్మాళి దగ్గర ఒక పల్లెలో సినిమా వేస్తే, ఎలా ఉందో చూద్దామని నేనూ వెళ్ళాను. ఆ చర్చి పాస్టరు పెద్దాయన. అయిపోయాక నన్ను పక్కకి పిలిచి, "బాగుంది బాబూ. కానొకటి అడుగుతాను, ఏటీ అనుకోకు. ఆ పూజార్లే యూదులైతే మరి పేతురెవురు? యోహానెవురు? ప్రెబువు తల్లి మనూరి మనిసా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "కథకి అలా ఉంటేనే బాగుంటుందండి" అన్నాను. ఆయన తల ఊపి, "కథకి బాగుంటాది, అవును" అని కుర్చీలు సర్దించడానికి వెళ్ళిపోయాడు. విషయం నాకు తెలియక అలా రాశానని చెప్పలేను. పని కోసం బైబిలు చదివినవాణ్ణే. యేసూ, పేతురు, యోహాను లాంటి ఆయన శిష్యులూ అందరూ యూదులేనని తెలుసు. దాన్ని పట్టించుకోవాలని తోచలేదు.

ఖాళీ

ఇప్పుడు అసలు సంగతి.

విదేశాల నుంచి మాకు వచ్చే సినిమాకి శబ్దం రెండు భాగాలుగా ఉండేది. ఒకదాంట్లో సంగీతం, అడుగుల చప్పుడు, గాలి, గొర్రెల అరుపులు. రెండోదాంట్లో మాటలు. మాటలు ఉన్నదాన్ని తీసేసి ఆ చోట మా తెలుగు పెట్టాలి. తెర మీద పెదవులు కదులుతున్నంతసేపూ ఏదో ఒక మాట ఉండాలి. కదిలే పెదవికి మాట లేకపోతే జనం ఈలలు వేస్తారు. మా పనిలో అంతకన్నా పెద్ద అవమానం లేదు. అందుకని ఖాళీ కనిపిస్తే నింపేయడం మాకు అలవాటైపోయింది. గుంపులో ఎవడో నోరు తెరిస్తే "అవునవును", ఇంకెవడో తెరిస్తే "పట్టుకోండి", ఇలా.

ఒక సినిమాలో ముసలి పూజారి ఒకాయన ఉంటాడు. తెల్లవారుతుంటే తల మీదుగా శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు. కొంచెం పెద్ద దృశ్యమే. అసలు సినిమాలో అది యూదుల ప్రార్థనల భాష హీబ్రూలో ఉంది. అది మాటల భాగంలో ఉండడం వల్ల మేం మాటలు తీసేసినప్పుడు ప్రార్థన కూడా పోయింది. మాకు పంపిన ఇంగ్లీషు స్క్రిప్టులో ఆ చోట మాటలు లేవు, హీబ్రూలో ప్రార్థిస్తాడు అని మాత్రం ఉంది. తెర మీద ఆ ముసలాయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

చెయ్యదగినవి చేతిలోనే ఉన్నాయి. అసలు ట్రాకులోంచి ఆ కాస్త ముక్క తీసి మళ్ళీ అతికించవచ్చు. ఎవరినైనా అర్థం కనుక్కుని తెలుగులో రాయవచ్చు. నేను ఆ రెండూ చెయ్యలేదు. టీ తాగుతూ, పెదవులు మూసుకున్న చోట "బ"లూ "మ"లూ పడేలా చూసుకుని, నోటికి వచ్చిన మాటలు రాసేశాను. ఏ భాషా కాదు. జానపద సినిమాల్లో మాంత్రికుడు పుర్రె పట్టుకుని అంటాడే, అలాంటివి. ఆ మాటలు ఇక్కడ రాయను. రాస్తే ఇంకొకరు నేర్చుకుంటారు.

ఆ గొంతు చెప్పింది సింహాచలం. రాజాం దగ్గరి పల్లెవాడు, నాటకాల్లో మాంత్రికుడి వేషానికి పేరున్నవాడు. మైకు లేకుండా చివరి వరసకి వినిపించే గొంతు. కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏటి బాబూ ఇది, ఏ బాస?" అన్నాడు.

"వాళ్ళ మంత్రం" అన్నాను.

"ఈడు పూజారా, మాంత్రికుడా? అది సెప్తే దాన్ని బట్టి గొంతు ఎడతాను."

"రెండూ అనుకో."

సింహాచలం రెండూ కలిపి చెప్పాడు. గొంతు పాతాళంలోంచి లేచి, పైకి వెళ్ళి, విరిగి, మళ్ళీ కిందికి వచ్చింది. పైడిరాజు గారు కుర్చీలో ముందుకి జరిగి కూర్చుని, "గుహలో ఉన్నట్టు కూసింత మోగితే ఇంకా బావుంటాది" అన్నాడు. గాజు అవతల మా సౌండ్ ఇంజనీరు రూబేను ఎకో కలిపాడు. దాని కింద మెల్లగా డప్పు చప్పుడు కూడా కలిపాడు. మైకులో "సరిపోయిందా మాస్టారూ?" అని అడిగాడు. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. మళ్ళీ వేసుకుని విన్నాం. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. గాజు అవతల రూబేనూ నవ్వాడు.

రూబేను గుంటూరు వైపు మనిషి. పనిలో నాకన్నా చాలా గట్టివాడు, ఆ సంగతి అతనికి తెలుసు కూడా. నేను రాసిన మాట పెదవికి కుదరకపోతే "ఇంకొకటి రాయండి మాస్టారూ, ఇది నడవదు" అని మొహం మీదే చెప్పేవాడు. శనివారం పనికి వచ్చేవాడు కాదు. శనివారం పాటించే చర్చి ఏదో ఉందట, అందులోవాడు కాబోలు అనుకున్నాం. పేరు రూబేను, అందుకని క్రైస్తవుడని ఖాయం చేసేసుకున్నాం. మాలో ఒక్కరం కూడా అడగలేదు.

ఆ సినిమా బాగా ఆడింది. ఏటా ఈస్టరు ముందు ఊరూరా వేశారు. సినిమా చూసిన పిల్లలు తువ్వాలు నెత్తిన వేసుకుని ఆ మంత్రం చెప్పుకుంటూ వీధుల్లో తిరిగేవాళ్ళు. ఒకసారి బస్సులో నా పక్కనే ఒక పిల్లవాడు అది చెప్తుంటే వాళ్ళ నాన్న పడి పడి నవ్వాడు. అది రాసింది నేనేనని ఆయనతో చెప్పి, ఆయన మెచ్చుకుంటుంటే విని, బస్సు దిగాను.

మా నాన్నగారు చూసిన సినిమా

మా నాన్నగారు రాజాం దగ్గర ఒక ఊళ్ళో రామాలయం అర్చకులు. సినిమాలు పెద్దగా చూసేవారు కాదు. నా చిన్నప్పుడు ఊరికి టూరింగ్ టాకీసు వస్తే మా గోల పడలేక ఒకసారి అందరినీ తీసుకుని వెళ్ళారు. అందులో ఒక హాస్యపు పంతులు పాత్ర ఉంది. పిలక ఎగరేస్తూ, మంత్రాల మధ్యలో వంకాయలూ వడలూ కలిపి చదువుతుంటే హాలంతా విరగబడి నవ్వింది. నేను కూడా నవ్వి, పక్కకి చూశాను. నాన్నగారు కండువా భుజం మీద సర్దుకుంటున్నారు. "పద, దీపం పెట్టే వేళైంది" అని లేచారు. దీపం వేళ ఇంకా కాలేదు.

మర్నాడు పొద్దున్న సంధ్యావందనం చేస్తుంటే రోజూ పెరట్లోకి వినిపించే ఆయన గొంతు వినిపించలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. చాలా రోజులు అలాగే చేశారు. ఆ పంతుల్ని రాసినవాడు కనిపిస్తే రాయి పెట్టి కొట్టాలని నాకు అప్పుడు ఉండేది.

ఇదంతా తెలిసిన మనిషిని నేను. తెలిసి ఉండి, ఇంకొకరి పూజారి నోట్లోంచి ప్రార్థన తీసేసి మంత్రగాడి కూతలు పెట్టాను. ఆ రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు ఒక్క క్షణం కూడా తట్టలేదు. దేవుడి పేరు చెప్పుకునే పనిలో ఉన్నామన్న ధైర్యం ఒకటి. యూదులు అనేవాళ్ళు ఎక్కడో తెర మీద ఉంటారు గాని, మన వీధుల్లో ఉండరన్న నమ్మకం ఇంకొకటి.

రూబేను అడిగిన సాయం

పైడిరాజు గారు స్టూడియో మూసేశాక రూబేను రాజాంలో సౌండు సెట్ల షాపు పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకులు కడతాడు. చాలాకాలం కలవలేదు. ఈ మధ్య ఒక రోజు విజయనగరంలో మా ఇంటికి వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు.

"మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసిందండీ" అన్నాడు.

కూతురు ఎస్తేరు. రాజాంలోనే పెరిగింది, డిగ్రీ చదువుతోంది. మా సినిమాలోని ఆ దృశ్యాన్ని ఎవరో కత్తిరించి ఫోన్లలో పెట్టారు. జనం చున్నీలూ తువ్వాళ్ళూ నెత్తిన వేసుకుని, సింహాచలం గొంతుకి పెదవులు కలుపుతూ వీడియోలు చేస్తున్నారు. కాలేజీలో ఆ అమ్మాయి స్నేహితులూ చేశారు. ఆమె ఇంటికి వచ్చి పూర్తి సినిమా వెతికి చూసింది. పేర్లు పడేచోట శబ్దగ్రహణం అని ఉండి, కింద తండ్రి పేరు కనిపించింది.

"ఇది నువ్వేనా అని అడిగింది. నేనే అన్నానండీ. అప్పట్నుంచీ శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టి నేను ప్రార్థన మొదలెట్టగానే లేచి బయటికి వెళ్ళిపోతోంది. నేను నోరు తెరిస్తే దానికి ఆ కూతలే వినపడుతున్నాయంట."

నాకు అర్థం కాలేదు. "సినిమాలో పూజారి గురించి అమ్మాయికి అంత పట్టింపు ఎందుకయ్యా?" అన్నాను.

"మేం యూదులమండీ" అన్నాడు రూబేను.

తెలుగువాళ్ళలో యూదులేమిటి అన్నాను. గుంటూరు వైపు అలాంటి కుటుంబాలు కొన్ని ఉన్నాయని చెప్పాడు. తాతల కాలంలో చర్చికి వెళ్ళేవాళ్ళట. తాము మొదటి నుంచీ యూదులమేనని ఇంట్లో పెద్దలు చెప్పుకునేవాళ్ళట. తండ్రి తరంలో శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచీ మొదలయ్యే శనివారపు విశ్రాంతి పాటించడం, హీబ్రూ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ ముసలి పూజారి చేసిన ప్రార్థన రూబేనుకి ఊహ తెలిసినప్పటి నుంచీ నోటికి వచ్చు.

"ఏముంది అందులో?" అని అడిగాను. ఆ దృశ్యం రాసిన ఇన్నేళ్ళకి అడిగాను.

"దేవుడు ఒక్కడేనని, మనసంతా పెట్టి ఆయన్ని ప్రేమించమని. పొద్దునా సాయంత్రం చెప్పుకుంటామండీ. యేసు కూడా చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో ఇదే నేర్చుకుని ఉంటాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి ఇన్నేళ్ళూ నాతో చెప్పలేదేం?" అన్నాను. అనకూడని మాట అది, అనేశాక తెలిసింది.

"ఎట్లా చెప్తానండీ? మీరు రాసినవన్నీ రికార్డు చేసింది నేనే. యూదుల్ని మీరందరూ ఏమనుకుంటున్నారో నాకన్నా ఎవరికి బాగా తెలుసు? పని ఇచ్చేది పాస్టర్లు. ఇల్లు అద్దెకి ఇచ్చినాయన కూడా చర్చి పెద్ద. నోరు మూసుకుని కూర్చున్నా."

తర్వాత వచ్చిన పని చెప్పాడు. నేను రాజాం వచ్చి, ఆ మంత్రం రాసింది నేనేనని ఎస్తేరుకి చెప్పాలి. రూబేను వద్దన్నాడని, నేను వినలేదని కూడా చెప్పాలి. "నేను వద్దన్లేదు. నాకు తెలుసు, మీకూ తెలుసు. అయినా చెప్పండి మాస్టారూ. నా మాట నమ్మదు, మీరు పెద్దవారు, మీరు చెప్తే నమ్ముతుంది. శుక్రవారం అది నా పక్కన కూర్చోవాలి, అంతే."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నప్పుడు నాకు కలిగింది బాధ కాదు, ఊరట. ఒక అబద్ధం చెప్పి, నింద మొత్తం నెత్తిన వేసుకుని వస్తే నా లెక్క తీరిపోతుందనుకున్నాను. ఇది రాయడానికి అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

వెళ్ళే ముందు పైడిరాజు గారికి ఫోన్ చేసి, రూబేను సంగతి చెప్పి, ఆయన యూట్యూబ్ ఛానెల్లోంచి ఆ సినిమా తీసేయించమన్నాను. "నా ఛానెల్లోది రేపే తీయించెస్తాను మాస్టారూ. ఊరందరి ఫోన్లలో ఉన్నదాన్ని నాను తియ్యగలనా, మీరు తియ్యగలరా?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "రూబేను అప్పుడే ఒక ముక్క సెప్తే పోయీది గదా" అన్నాడు. మనం ఎప్పుడైనా అడిగామా అన్నాను. "లేదు" అని ఫోన్ పెట్టేశాడు. మర్నాటికి నిజంగానే తీసేయించాడు.

రాజాంలో

శనివారం వెళ్ళాను, ఆ రోజైతే రూబేను ఇంట్లో ఉంటాడని. ధాన్యం కొట్ల వెనక సందులో ఇల్లు. రూబేను భార్య పుట్టింటికి వెళ్ళి ఉంది. తలుపు ఎస్తేరు తీసింది. సన్నగా ఉంది, తండ్రి కళ్ళే. "రండి తాతగారూ, కూకోండి" అని మంచినీళ్ళు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. రూబేను వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె అటువైపు చూడలేదు.

"అమ్మా, ఆ సినిమాలో మంత్రం రాసింది నేను" అని మొదలుపెట్టాను. మాటల ట్రాకు తీసేస్తే ప్రార్థన ఎలా పోయిందో, పెదవులు ఎలా మిగిలాయో, నేనేం చేశానో చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"ఆ మాటలకి అర్థం ఏటండి?" అని అడిగింది.

"ఏమీ లేదమ్మా."

"అర్థం లేకుండానే రాసీసారా?"

"అవును."

"తీసీసిన మాటలకి అర్థం ఉన్నాది కదండి. అదేటో తెలుసుకోవాలని మీకు అనిపించలేదా?"

"అనిపించలేదమ్మా" అన్నాను.

ఆమె గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. "మా నాన్న వద్దన్నాడా?" అంది.

దాని కోసమే వచ్చాను. బస్సులో కూర్చుని అనుకున్న మాటలే చెప్పాను. "అన్నాడమ్మా. వద్దు మాస్టారూ, ఇది తప్పు అన్నాడు. నేనే వినలేదు. చిన్న ఉద్యోగి, యజమాని మాట కాదనలేక చేశాడు." గొంతు ఎక్కడా తడబడలేదు. ఎస్తేరు మొహంలో బిగువు తగ్గింది. పని జరిగిపోయిందనుకున్నాను.

"లేదమ్మా" అన్నాడు రూబేను గుమ్మం దగ్గర నుంచి. "నేను వద్దన్లేదు. ఆయన చేత నేనే చెప్పిస్తున్నాను. అది మన ప్రార్థన అని నాకు మొదట్లోనే తెలుసు. ఎకో నేనే కలిపా. డప్పు ఎవరూ అడక్కుండానే కలిపా. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వా. నవ్వకపోతే నేనెవరో తెలిసిపోతుందని భయమేసింది." నా వైపు తిరిగి, "ఏమీ అనుకోకండి మాస్టారూ. దాని మొహం చూస్తా ఇంక ఉండలేకపోయా" అన్నాడు.

నేను వచ్చాక మొదటిసారి ఎస్తేరు తండ్రి వైపు చూసింది. ఈసారి ఇల్లు వదిలి పోతుందేమో అని నాకు భయం వేసింది.

"బయం ఏసిందా నాన్నా?" అంది.

"వేసిందమ్మా."

"కాలేజీలో ఆల్లు చున్నీ ఏసుకుని అది సేస్తన్నప్పుడు నానూ నవ్వీసాను. పక్కన నిలబడి నవ్వీసాను. మనింటిదని ఎవులికీ సెప్పలేదు." అంటూనే ఏడ్చేసింది. "ఇంటికొచ్చి నీ మీద కోపం సూపించాను."

రూబేను వచ్చి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. మర్యాదగానే అంది. "తాతగారూ, మీరింక ఎల్లండి. మేం మాటాడుకోవాల."

లేచి బయటికి వచ్చాను. సాగనంపడానికి ఎవరూ రాలేదు, రావలసిన అవసరమూ లేదు. సందు చివరిదాకా నడిచాక గాని నాకు ఒక సంగతి తట్టలేదు. ఆ తండ్రీ కూతుళ్ళిద్దరూ భయపడి నవ్వారు. ఆ రోజు స్టూడియోలో నాకు ఏ భయమూ లేదు. నేను ఊరికే నవ్వాను.